ఇంటిలో కొయ్యనేల

సిమెంటునేలపై బ్యాడ్మింటనాడు బాలికకు ప్రతి గంతు అదురును మోకాళ్లకే తగులును. 2001లో ఆల్ ఇంగ్లండు గెలిచిన పుల్లెల గోపీచంద్ అంతకుముందు మోకాలికి పలుమార్లు శస్త్రచికిత్స చేయించుకొనినవాడే. పూర్తి కోర్టునకు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు కావలయును. మన యిండ్లలో నంత తావు లేదు. అడుగుల సాధనకు వసారాలో కొన్ని కొయ్యపలకలు చాలును. కొడుకునకు వీధి యున్నది. కూతునకు వసారాయైన వలదా?

కావలికి సముద్రపుగాలి దగ్గఱ. కొయ్య తేమ పీల్చి యుబ్బును. కావున పలకలను రెండు దినములు ఆ వసారాలోనే యుంచి, పిమ్మట బిగింపవలెను. నేల మట్టము చూచి, పాలిథీను పఱచి, అడుగున రబ్బరుగల పలకలను ఒకదాని యంచు మఱియొకదాని గాడిలో దూరునట్లు కొయ్యసుత్తితో మెల్లగా తట్టుడు. మేకులు వలదు, పండుగనాడు విప్పి గోడకు చేర్చుకొనవచ్చును. గోడల వెంబడి వ్రేలెడు సందు విడువుడు. వడ్రంగి దానిని చూచి నవ్విన నవ్వనిండు. సందు లేనిచో కార్తికపు వానలలో నడుమ పొంగును. తుడుచుటకు గట్టిగా పిండిన గుడ్డయే వాడుడు.