ఇరవై రెండక్షరాల హెచ్చరిక

2024 జూలై బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం మూడు కేన్సర్ ఔషధాలపై కస్టమ్స్ సుంకాన్ని పూర్తిగా తొలగించింది. సంతోషమే. కాని కేన్సర్ విధానమంటే దిగుమతి విధానమేనన్న భావన ఢిల్లీలో స్థిరపడిపోతున్నదేమోనని నా అనుమానం.

అదే సంవత్సరం అక్టోబరులో అమెరికా శాస్త్రజ్ఞులు విక్టర్ ఆంబ్రోస్, గారీ రువ్‌కున్‌లకు నోబెల్ బహుమతి లభించింది. 1993లో వారు ఒక మిల్లీమీటరు నులిపురుగులో గుర్తించిన సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. సుమారు ఇరవై రెండక్షరాల తునక. అది ఏ ప్రోటీనునూ తయారుచేయదు. జన్యువు జారీచేసిన ఉత్తరువు అమలు కాకుండా ఆపుతుంది. సచివాలయ పరిభాషలో చెప్పాలంటే, ఫైలును తొక్కిపెట్టే గుమాస్తా. అయితే ఇక్కడ తొక్కిపెట్టడమే తరచు దేహానికి క్షేమం. ప్రోస్టేట్ గ్రంథిలో మిర్-15, మిర్-16 అనే తునకలు కణ విభజనను అదుపులో ఉంచుతాయి. ముదిరిన కేన్సర్ గడ్డలలో అవి క్షీణిస్తున్నట్లు 2008లో ఇటలీ పరిశోధకులు చూపారు. అడ్డు తొలగితే గడ్డ పెరగక ఏమవుతుంది?

అదే ఏట సియాటిల్ పరిశోధకులు మరో అడుగు వేశారు. ఈ తునకలు రక్తంలో చెక్కుచెదరకుండా నిలుస్తాయనీ, వ్యాధి వ్యాపించిన వారిలో మిర్-141 హెచ్చుగా ఉంటుందనీ కనుగొన్నారు. దీని ప్రాముఖ్యం చిన్నది కాదు. నేడు వాడుకలో ఉన్న పి.ఎస్.ఏ. రక్తపరీక్ష నిదానంగా పెరిగే గడ్డనూ, ప్రాణాంతకమైన గడ్డనూ వేరుచేయలేదు. కొందరు వృద్ధులు అనవసరంగా కత్తికి గురవుతారు. మరికొందరి వ్యాధి ఆలస్యంగా బయటపడుతుంది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్ వ్యాధి బయటపడేసరికి అది ఎముకలకు ప్రాకింది.

ఇది సంజీవని అని నేననను. మిర్-34ను అనుకరించే ఔషధంపై సాగిన ప్రయోగాలను తీవ్ర దుష్ఫలితాల వల్ల 2016లో నిలిపివేశారు. రక్తపరీక్షలో కూడా ఒక ప్రయోగశాల ఫలితం మరొకదానితో సరిపోవడం లేదు. సరిగ్గా అందుకే మన ప్రజల నమూనాలు కావాలి. ఢిల్లీ, కలకత్తా వంటి నగరాల పురుషుల కేన్సర్లలో ప్రోస్టేట్‌ది ద్వితీయ స్థానమని మన రిజిస్ట్రీలే చెప్పాయి. 1982 నుంచి అవి రోగులను లెక్కిస్తున్నాయి. లెక్కించడమే వాటి పని. వాటికి అనుబంధంగా ప్రభుత్వాసుపత్రులలో రోగుల సమ్మతితో రక్తం, కణజాలం భద్రపరచి, పదేళ్లపాటు వారి గతిని గమనించే ఏర్పాటు జరగాలి. ఇది ఏ కంపెనీ తన లాభం కోసం చేసే పని కాదు.

సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.కు దగ్గరిదైన ఆర్.ఎన్.ఏ. జోక్య (ఆర్.ఎన్.ఏ.ఐ.) పద్ధతిలో తయారై 2018లో అమెరికా అనుమతి పొందిన తొలి మందు వేరొక నరాల జబ్బుకు సంబంధించినది. దాని ధర ఏడాదికి నాలుగున్నర లక్షల డాలర్లుగా ప్రకటించారు. సుంకం మినహాయించిన తరువాత అందులో రోగి చెల్లించవలసినది ఎంతో ఆర్థిక శాఖవారు గుణించి చూడవచ్చు.