కొమ్ములు ఏ పండుగకు?

భద్రాచలంలో చూడాల్సినవి ఏమిటని అడిగితే రామాలయం, స్నానఘట్టం, గోదావరి వంతెన అంటారు. కాస్త దూరం పోయేవాళ్లు పర్ణశాల కలుపుతారు. ఈ ఊరు ఐదో షెడ్యూలు కింది ఏజెన్సీ నేల అనీ, చుట్టూ ఉన్నవి కోయగూడేలనీ చెప్పేవాళ్లు అరుదు.

గుడితో మనకు తగువు లేదు. ఆ గుడి కథలో మనమూ ఉన్నాం, కానీ మొదటి పేజీలోనే. పుట్టలో దొరికిన విగ్రహాలకు పందిరి వేసి కొలిచింది పోకల దమ్మక్క అనీ, ఆమె కోయ స్త్రీ అనీ కథ చెప్పేవాళ్లే అంటారు. తర్వాత కంచర్ల గోపన్న వస్తాడు, గుడి కడతాడు, గోల్కొండ చెరసాలకు పోతాడు. దమ్మక్క మళ్లీ కనబడదు. ఆమెది ఏ గట్టు, ఏ వేల్పు అని ఎవరూ అడగరు.

ఇప్పుడు మనకిచ్చిన చోటు పెద్దమనుషులు కారు దిగే చోటు. అడవిదున్న కొమ్ములు, డోలు, రేల ఆట మన పెళ్లిళ్లకు, జాతరలకు, పండుగలకు పుట్టినవి. వాటిని ఎండలో గంటలకొద్దీ నిలబెట్టి, కారు రాగానే ఐదు నిమిషాలు ఆడించి, ఫొటో దిగి పంపేస్తారు. దాన్ని గౌరవమంటారు. ఇంటి పెద్దను గుమ్మంలో నిలబెట్టి వచ్చినవాళ్లకు దండలు వేయించడం గౌరవమా?

"నాలుగు డబ్బులొస్తాయి కదా" అని మన కుర్రాళ్లే అంటారు. రానివ్వండి, ఆడినవాడికి కూలి దక్కాల్సిందే. కానీ ఎందుకు ఆడుతున్నామో మరిచిపోతే మిగిలేది వేషమే.

గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. ఇవి మన పిల్లలు గడగడా చెప్తారు, మంచిదే. మీది ఎన్నో గట్టు అని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి లేదన్న కట్టుబాటు దానిమీదే నిలిచింది. ఆ చరిత్రను డోలీలు పడిగె విప్పి పాడతారు. రాజులకు రాతి శాసనాలున్నట్టే మనకు పడిగెలున్నాయి.

టీచర్లారా, ఒక్కో పిల్ల చేత తన గట్టు, వేల్పు, గూడెం పక్క వాగు కోయ పేరు, విత్తనాల పండుగ తీరు ఇంట్లో అడిగించి రాయించండి. అదే మన ఊరి పాఠం. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డోలీల దగ్గర కూర్చోండి. వాళ్లు సరేనంటే ఫోన్లో రికార్డు చేయండి.

ఇకమీదట కొమ్ములు కట్టమని పిలుపొస్తే, ఏ పండుగకని అడగండి. జవాబు లేకపోతే కట్టొద్దు.