పికరెల్‌కి పెద్దపీట ఎప్పుడు?

అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ అఖాతంలోకి దిగే నదుల మీద డిసెంబరు దాటితే గాలం వేసేవాళ్లు పెద్దగా కనపడరు. మోటారు పడవల్ని ఒడ్డెక్కించి పట్టాలు కప్పేస్తారు. బాస్ చేపలు చలికి లోతుల్లోకి చేరి కదలకుండా పడుంటాయి. "సీజన్ అయిపోయింది, మార్చిలో చూద్దాం" అన్నమాట ప్రతి రేవులోనూ వినిపిస్తుంది. ఆ మాట నాకు ఏళ్ల తరబడి మింగుడుపడటం లేదు. సీజన్ అయిపోలేదు. మేరీలాండ్‌లో సెవెర్న్, మగోతీ, సౌత్ నదుల పాయల్లో, నీళ్లలోకి ఒరిగిపోయిన చెట్ల కింద, పాత రేవు గుంజల పక్కన చెయిన్ పికరెల్ ఆ రోజుల్లోనే ఆకలి మీద ఉంటుంది. మిగతావన్నీ మొహం చాటేసిన కాలంలో ఎదురొచ్చే చేప అది. దానికి దక్కుతున్న మర్యాద ఏమిటి? ఒక జనవరిలో ఎర కొనడానికి దుకాణానికి వెళ్తే కౌంటరు దగ్గరున్న పెద్దమనిషి, "ఇంకేం పడకపోతే పికరెల్ పడుతుందిలే" అన్నాడు. నన్ను ఓదార్చాలనే అన్నాడు. నాకు మాత్రం కడుపు మండింది.

చూడని పాఠకుల కోసం చెబుతాను. సన్నగా పొడుగ్గా ఉంటుంది, బాతు ముక్కులాంటి చదునైన మూతి, నోటినిండా పళ్లు. వీపు మీది రెక్క తోకకి దగ్గరగా, బాగా వెనక్కి ఉంటుంది. కదలకుండా నిలబడి ఒక్కసారిగా దూకడానికి తగ్గ నిర్మాణం అది. ఒళ్లంతా బంగారు ఛాయ కలిసిన ఆకుపచ్చ, దాని మీద గొలుసు అల్లినట్టు ముదురు గీతలు, కంటి కింద నిలువుగా ఒక నల్లటి చార. శీతాకాలపు పల్చటి ఎండలో దాన్ని నీళ్లలోనే పక్కకి తిప్పి చూస్తే ఈ నదిలో ఇంతకన్నా అందమైన ప్రాణి లేదని ఒప్పుకోవలసిందే. నార్తర్న్ పైక్, మస్కెలంజ్ దీని దాయాదులు. వాటి వెంట జనం దేశాలు పట్టుకు తిరుగుతారు. దీనికి 1818లోనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లెసూర్ శాస్త్రీయ వర్ణన రాశాడు. 1854లో వచ్చిన 'వాల్డెన్'లో హెన్రీ డేవిడ్ థోరో, మంచుగడ్డకి కన్నం పెట్టి పట్టిన పికరెల్ అందాన్ని చూసి అబ్బురపడి రాశాడు. అంతటివాడు ఆగి చూసిన చేపని ఇవాళ గాలం పట్టినవాళ్లే చూడటం మానేశారు.

అదే 1854లో ఇంకో సంగతి జరిగింది. ఒహాయో నది వైపు వాగుల్లో ఉండే స్మాల్‌మౌత్ బాస్‌ని కొన్నిటిని పట్టి, రైలింజను వెనక నీళ్లతొట్టిలో వేసి, కొండలు దాటించి తెచ్చి కంబర్లాండ్ దగ్గర వదిలారు. అవి అక్కడి నుంచి పొటోమాక్ నదిలోకి పాకాయి. లార్జ్‌మౌత్ బాస్ కూడా ఆ నదికి మనుషులు తెచ్చిపెట్టిన చేపే. ఇవాళ పోటీలు, పతకాలు, వేల డాలర్ల పడవలు అన్నీ బాస్ పేరు మీదే. నాకు బాస్ మీద కోపం లేదు. కానీ బాస్ రాకముందు నుంచీ, ఈ తీరంలో ఇంగ్లీషువాళ్లు దిగకముందు నుంచీ ఈ నీళ్లలో ఉన్నది పికరెల్. ఇంటివాణ్ణి వరండాలో కూర్చోబెట్టి వచ్చినవాళ్లకి విస్తళ్లు వేస్తే ఎలా?

తరవాత వచ్చినవాటికీ వైభోగమే. 1970లలో వర్జీనియా నదుల్లో బ్లూ క్యాట్‌ఫిష్‌ని వదిలారు, అది అఖాతమంతా పాకింది. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్లో ఒక చెరువులో స్నేక్‌హెడ్ బయటపడి దేశమంతా గగ్గోలైంది. 2004 నాటికి పొటోమాక్‌లోనూ కనపడింది. ఇది మన కొర్రమేనుకి దగ్గరి చుట్టం. తెలంగాణ రాష్ట్ర చేపగా పెట్టుకున్న జాతికి బంధువు కనక ఇక్కడి తెలుగువాళ్లకి దాని మీద మోజు ఉండటం సహజం. నేను నది నుంచి వచ్చానంటే చాలు, "అన్నా, కొర్రమేను పడిందా?" అని అడుగుతారు. పికరెల్ పడిందని చెబితే "ఓహో, అదా" అని మాట మార్చేస్తారు. చలికాలంలో ఆ స్నేక్‌హెడ్ బురద పట్టుకుని పడుంటుందనీ, గాలాన్ని లాక్కెళ్లేది పికరెలేననీ చెప్పేలోపు అవతలివాళ్లు వేరే కబుర్లలో ఉంటారు.

ఈ చేప విలువ తెలియాలంటే దాని ఇంటికి వెళ్లాలి. అక్కడికి మోటారు పడవ పోలేదు, కయాక్ పోతుంది. సెవెర్న్ పేరుకి నదే గానీ దాదాపు ఆ పొడవంతా సముద్రపు పోటు ఎక్కుతుంది, నీళ్లలో ఉప్పదనం ఉంటుంది. పికరెల్ కాస్త ఉప్పుని తట్టుకుంటుంది. అనాపొలిస్ దగ్గర ఆటుపోట్ల తేడా మామూలుగా ఒక అడుగుకి అటూ ఇటూ ఉంటుంది. ఇక్కడ చాలాసార్లు చంద్రుడి కన్నా గాలిదే పైచేయి. వాయవ్యం నుంచి రెండు రోజులు ఈదురుగాలి వీచిందంటే అఖాతంలో నీళ్లు దక్షిణానికి తోసుకుపోతాయి, పాయలు బురద తేలేదాకా ఖాళీ అవుతాయి. లోపల ఉండలేని చిన్న చేపలు పాయ మొగలోని కాస్త లోతైన గుంటల్లోకి దిగుతాయి. పికరెల్ అక్కడ మాటేసి ఉంటుంది. జానెడు నీటి మీద తేలే పడవలో, తెడ్డు చప్పుడు కాకుండా వెళ్తే తప్ప ఆ చోటు చేరలేం. నీళ్లు కదులుతున్నంతసేపే దానికి ఆకలి. నీరు తీస్తున్న గంటలే నాకు ఎక్కువ కలిసొచ్చాయి. నీళ్లు నిలబడిపోతే అది కూడా చెట్టుకొమ్మలా నిలబడిపోతుంది.

మధ్యాహ్నం దాటాక ఉత్తరపు ఒడ్డు మేలు. ఎండ ఆ ఒడ్డుకే తిన్నగా తగులుతుంది, నల్లటి బురద నేల కాస్త వేడెక్కుతుంది. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు ఆ ఒక్క డిగ్రీ తేడాకే చిరుచేపలు అక్కడికి చేరతాయి. ఎరని ఎంత మెల్లగా లాగితే అంత మంచిది. లాగి, ఆపి, మనసులో పది లెక్కపెట్టి, మళ్లీ లాగాలి. నీళ్లు తేటగా ఉంటే అది ఎర వెనకాలే వచ్చి ఆగిపోవడం, మొప్పలు మాత్రం ఆడటం కనపడుతుంది. ఆ తరవాత కంటికి ఏమీ కనపడదు. నీళ్లు పగులుతాయి, కర్ర వంగుతుంది. కయాక్‌లో కూర్చున్నవాడు నీటి మట్టానికే ఉంటాడు కాబట్టి ఆ దూకుడు ఒంటికి తగులుతుంది. చేప పడవని కూడా కాస్త తిప్పేస్తుంది. రెండడుగుల పికరెల్ అంటే ఈ నదుల్లో పెద్దదే. ప్రపంచ రికార్డు 1961లో జార్జియాలోని హోమర్‌విల్ దగ్గర పడింది, 9 పౌండ్ల 6 ఔన్సులు, మన లెక్కలో నాలుగుంబావు కిలోలు. బరువులో ఇది మస్కెలంజ్‌తో తూగదు. తూగాల్సిన అవసరమూ లేదు.

దీనికోసం ప్రాణం మీదికి తెచ్చుకోమని మాత్రం అనను. చన్నీళ్లలో పడ్డవాళ్లకి ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, చలికి స్పృహ తప్పేదాకా సుమారు గంట. కెనడాలో ఈ విషయం మీద పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఇది. లైఫ్ జాకెట్ పడవలో కాదు, ఒంటి మీద ఉండాలి. నీరు చొరబడని డ్రైసూట్, లోపల ఉన్ని బట్టలు ఉండాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరాలి. గాలి పెరిగిన రోజున ఇంట్లోనే ఉండాలి.

ఇక దీని మీద మోపే నేరాలు. ఒళ్లంతా జిగురట. ఆ జిగురు దాని కవచం, రోగాల నుంచి కాపాడేది అదే. ముళ్లు ఎక్కువట. ఈ మాట అమెరికన్లు అంటే సరిపెట్టుకుంటాను గానీ, పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లాలవాళ్లు అంటే మాత్రం ఊరుకోలేను. పులస ముల్లుని ఓపిగ్గా ఏరుకుని తినేవాడికి పికరెల్ వీపు పక్కన వరసగా ఉండే చీలిక ముళ్లు ఒక లెక్కా? చన్నీళ్లలో పెరిగిన దాని కండ తెల్లగా, గట్టిగా, నీచు లేకుండా ఉంటుంది. దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, ఉప్పూ కారం పట్టించి వేయిస్తే సన్న ముళ్లు కరకరలాడిపోతాయి.

బాస్ పిల్లల్ని తినేస్తుందన్నది ఇంకో నేరం. ఆ సాకుతో దీన్ని గట్టు మీదికి విసిరేసి చావనిచ్చేవాళ్లున్నారు. ఎండిపోయి పడున్న పికరెల్‌ని చూసిన ప్రతిసారీ నాకు ఏడుపొస్తుంది. కెనడాలోని నోవా స్కోషియాలో ఇది పరాయి చేప, అక్కడ 1945లో మనుషులే వదిలారు. అక్కడి సరస్సుల్లో సొంత చేపలకి దీనివల్ల నష్టం జరుగుతోందన్నది నిజం. ఆ తప్పు వదిలినవాళ్లది. చెసపీక్ నదుల్లో మాత్రం ఎల్లో పెర్చ్, సన్‌ఫిష్ లాంటి సొంత చేపలూ పికరెలూ వేల ఏళ్లు కలిసి బతికాయి. ఇక్కడ దానికి శిక్ష వేసే హక్కు ఎవరిచ్చారు?

అసలు హాని దానికే జరుగుతోంది. చలికాలం చివర, వసంతం మొదట్లో అది నీటిమొక్కల మీద అంటుకునే దండల్లా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, కాపలా కాయదు. మొక్కలు లేకపోతే ఆ గుడ్లకి ఆధారం లేదు. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను బురదంతా తెచ్చిపోశాక అఖాతంలో నీటి అడుగు పచ్చిక దారుణంగా దెబ్బతింది. ఆ తరవాత ఒడ్లంతా ఇళ్లూ రోడ్లూ వచ్చాయి. వాన పడితే ఆ నీళ్లన్నీ తిన్నగా పాయల్లోకే, మంచు కురిస్తే రోడ్ల మీద చల్లిన ఉప్పూ పాయల్లోకే. పచ్చికని తిరిగి పెంచే పనుల్లో పీతల పేరూ బాతుల పేరూ ఎక్కువగా వినిపిస్తాయి. ఆ పచ్చిక పికరెల్‌కి పురిటిల్లు అని కూడా ఒక మాట చెప్పాలి.

శీతాకాలపు పికరెల్ పోటీలు ఇప్పుడిప్పుడే అక్కడక్కడా పెడుతున్నారు, సంతోషం. చేపని కొలిచి, ఫొటో తీసి, వదిలేసే పద్ధతే ఉండాలి. ఈ జనవరిలో ఎవరైనా వెళ్లేవాళ్లుంటే మూడు కొక్కేల ఎర తీసేసి ఒంటి కొక్కెం కట్టండి, దాని ముల్లు నొక్కేయండి. చేతులు తడిపి పట్టుకోండి, రబ్బరు వల వాడండి, పొడుగు పట్టకారు మరవకండి, మొప్పల్లో వేళ్లు పెట్టకండి. గడ్డకట్టే గాలిలో దాన్ని ఎత్తి పట్టుకుని ఫొటోల కోసం నిలబడితే కళ్లూ మొప్పలూ దెబ్బతింటాయి, పడవ పక్కన నీళ్లలోనే ఉంచండి. కూరకి కావాలంటే చట్టం ఒప్పుకున్న కొలతకి తగ్గకుండా, చిన్నదాన్ని ఒకదాన్ని ఉంచుకోండి. ఫిబ్రవరిలో పొట్ట నిండుగా ఉన్న పెద్ద పికరెల్ పడితే అది గుడ్లతో ఉన్న ఆడదే. దాన్ని వదిలేయండి.