యోగా నేర్పుదాం, సర్దుకుపొమ్మని కాదు

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్పనక్కా? మీతో మాట్లాడినంతసేపూ మనసు తేలిగ్గానే ఉంటుంది. ఇంటికెళ్ళాక గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, ఊపిరి ఆగిపోతుంది" అంది ఆమె. కొట్టే భర్తను వదిలి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆ చెప్పులు పక్కింటివాళ్ళవని ఆమెకీ తెలుసు. తెలిసినా ఒళ్ళు వినదు.

కౌన్సెలింగ్ అంటే మాటలేనని నమ్మి ఏళ్ళతరబడి పనిచేసిన నన్ను ఆ మాట ఆలోచనలో పడేసింది. నిజానికి యోగా పేరెత్తితేనే నాకు చిరాకు. కుటుంబ పంచాయితీల్లో పెద్దలు ఆడవాళ్ళకిచ్చే సలహాల్లో అదొకటి. "కాస్త ప్రాణాయామం చెయ్యమ్మా, కోపం తగ్గుతుంది, కాపురం చక్కబడుతుంది" అంటారు. కొట్టిన చేతికి అక్కర్లేని శిక్షణ దెబ్బలు తిన్న ఒంటికెందుకు?

కానీ హింస మనసునొక్కదాన్నే గాయపరచదు. ప్రమాదం ఎదురైనప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఏళ్ళతరబడి భయంలో బతికినవాళ్ళకి ప్రమాదం తప్పాక కూడా శరీరం ఆ కాపలా మానదు. నెమ్మదిగా ఊపిరి వదలడం, కాళ్ళు నేలకు ఆనించి నిలబడడం ఆ బిగువును కొంత సడలిస్తాయి. అమెరికాలో బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. హింస మిగిల్చిన మానసిక గాయం చికిత్సకు లొంగని స్త్రీలతో చేసిన అధ్యయనం అది. పది వారాల తర్వాత, యోగా చేసిన 31 మందిలో 16 మంది ఆ రుగ్మత నిర్ధారణ పరిధిలోంచి బయటపడ్డారు. ఆరోగ్య విషయాల తరగతులకు వెళ్ళిన 29 మందిలో అలా బయటపడినవాళ్ళు 6 గురు. ఇది చిన్న అధ్యయనమే. అన్నిటికీ యోగాయే మందని దీన్నిబట్టి అనలేం. కానీ కొట్టిపారెయ్యలేం కూడా.

అయితే ఎలా నేర్పుతున్నామన్నదే అసలు ప్రశ్న. ఇందులో మేమూ ఒక తప్పు చేశాం. మా శిబిరానికి వచ్చిన టీచరు, మంచి ఉద్దేశంతోనే, వెనకనుంచి వచ్చి ఒకామె భుజాలు సరిచేసింది. ఆమె వణికిపోతూ లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తప్పు ఆ టీచరుది కాదు, ముందుగా చెప్పని మాది. తన శరీరం మీద తనకు ఏ అధికారమూ లేకుండా బతికిన స్త్రీకి మళ్ళీ ఇంకొకరి ఆజ్ఞలే వినిపించాం.

అప్పటినుంచీ కొన్ని నియమాలు పెట్టుకున్నాం. అడగకుండా ఎవరినీ తాకకూడదు. కళ్ళు మూసుకోమని, ఊపిరి బిగబట్టమని బలవంతం చెయ్యకూడదు. కొందరికి దానితోనే భయం ముంచుకొస్తుంది. తలుపు దగ్గర కూర్చునే వీలు, మధ్యలో మానేసే వీలు ఉండాలి. శ్లోకాలు, మంత్రాలు తప్పనిసరి కాకూడదు. మన దగ్గరకు అన్ని మతాల స్త్రీలూ వస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, "వద్దు" అన్న మాటకు కారణం అడగకూడదు. ఆ "వద్దు" అనగలగడమే చాలామందికి మొదటి ఆసనం.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మానసిక ఆరోగ్య సేవలు పొందడం హక్కని 2017 చట్టం చెప్పింది. కానీ 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, రుగ్మతనుబట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. డాక్టరూ, మందులూ, సైకాలజిస్టూ ఉండాల్సిన చోట ఒక చాప పరిచి చేతులు దులుపుకుంటే మనం ఒప్పుకోకూడదు. అలాగే 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఉండడానికి చోటు అడగాల్సిన స్త్రీకి శ్వాస మీద ధ్యాస నేర్పి ఇంటికి పంపడం కౌన్సెలింగ్ కాదు, ద్రోహం.

మొదట చెప్పిన ఆమె ఇప్పుడు కోర్టు మెట్లెక్కే ముందు గోడకానుకుని నిలబడి పదిసార్లు నిదానంగా ఊపిరి వదులుతుంది. తర్వాత లోపలికెళ్ళి తన వాంగ్మూలం తానే చెబుతుంది. యోగాను నేనొప్పుకునేది అందుకే, ఆమె సర్దుకుపోవడానికి కాదు, నిలబడి మాట్లాడడానికి. మీ కేంద్రాల్లో అనుభవాలు ఎలా ఉన్నాయో రాయండి. దీనిమీద మనమధ్య చర్చ జరగాలి.