మొక్కకు దీపం పెట్టే ముందు...

చలికాలం రాత్రి చామంతి తోటల పక్కగా ప్రయాణించేవారికి ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. చేనంతా వరుసగా వేలాడదీసిన బల్బులు అర్ధరాత్రి వేళ వెలుగుతుంటాయి. అదే సమయంలో నగరంలో ఒక ఫ్లాట్‌లో, గూట్లో పెట్టిన పాలకూర కుండీల మీద ఊదారంగు దీపం వెలుగుతుంటుంది. రెండు చోట్లా మొక్కకే దీపం పెట్టారు. కానీ ఆ దీపాలు చేసే పనులు వేరు. ఈ తేడా తెలియకుండా కొన్న దీపం పంటకన్నా ముందు కరెంటు బిల్లును పెంచుతుంది.

చామంతి తోటలోని దీపం మొక్కకు కబురు మాత్రమే మోస్తుంది. రాత్రి పొడవు పెరిగినప్పుడు పూతకు వచ్చే మొక్క చామంతి. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం రాత్రి నిడివిని పసిగడుతుంది. నడిరాత్రి కొన్ని గంటలు కాస్త వెలుగు పడితే, ఒక పెద్ద రాత్రి మొక్క లెక్కలో రెండు చిన్న రాత్రులవుతుంది. పూత ఆగి కాడ ఎదుగుతుంది. రైతు పువ్వు ఎప్పుడు కావాలో చూసుకుని దీపాలు ఆర్పేస్తాడు. డ్రాగన్ ఫ్రూట్ విషయంలో ఇది తలకిందులు. చలికాలంలో రాత్రివేళ వెలుగిస్తే ఆ మొక్క కాలం కాని కాలంలో పూస్తుంది. పగటి పొడవుకూ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ 1920లోనే వివరించారు. ఇలాంటి కబురుకు పెద్ద వెలుగు అక్కర్లేదు. ఆకుల మీద 100 లక్స్ వరకు పడితే సాధారణంగా సరిపోతుంది. ఇంట్లో వాడే మామూలు ఎల్‌ఈడీ బల్బు ఈ పని చేయగలదు.

గూట్లోని పాలకూర సంగతి వేరు. అక్కడ దీపమే అన్నం పెట్టాలి. కిరణజన్య సంయోగక్రియకు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు కావాలి. వాటి లెక్క మోల్స్‌లో ఉంటుంది. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు సుమారు 12 మోల్స్, టమాటా వంటి కాయ పంటలకు 20 మోల్స్‌కు పైగా అవసరం. కానీ బల్బు పెట్టె మీద ఉండేది ల్యూమెన్ల లెక్క. ల్యూమెన్ మనిషి కంటికి తగ్గ కొలత. 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగుకు పెద్ద పీట వేసి, ఎరుపు, నీలం రంగులను తక్కువగా లెక్కగడుతుంది. ఇంటి బల్బుల మీది నక్షత్రాల గుర్తు కూడా వాట్‌కు ఎన్ని ల్యూమెన్లు అన్నదాని మీదే ఆధారపడుతుంది. చదువుకునే బల్లకు అది సరైన కొలతే. మొక్కకు మాత్రం అది మరొకరి కొలతలతో కుట్టిన చొక్కా.

అలాగని ఊదారంగు దీపంలో మహిమ ఏదీ లేదు. ఆకు ఆకుపచ్చ కాంతిని వాడుకోదన్న మాట పూర్తిగా నిజం కాదు. వేర్వేరు రంగుల కాంతిలో ఆకుల పనితీరును కొలిచిన మెక్‌క్రీ, ఆకుపచ్చ కూడా గణనీయంగా ఉపయోగపడుతుందని 1972లోనే చూపించాడు. పైగా ఊదా వెలుగులో ఆకు పసుపుబారిందో, పురుగు పట్టిందో కంటికి ఆనదు. ఇంటి తోటకు నాణ్యమైన తెల్లని ఎల్‌ఈడీయే మేలు.

దీపాల సామర్థ్యంలోనూ కాలం మారింది. అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన నెల్సన్, బగ్బీ 2014లో ప్రచురించిన పోలికలో, మేలైన సోడియం దీపం, మేలైన ఎల్‌ఈడీ దాదాపు సమానంగా నిలిచాయి. రెండూ ఒక జౌల్ కరెంటుకు 1.7 మైక్రోమోల్స్ ఇచ్చాయి. ఆ తర్వాత ఎల్‌ఈడీలు ముందుకు సాగి 2.5 మైక్రోమోల్స్‌ను దాటాయి. అంత మంచి దీపం పెట్టి, వెలుగంతా ఆకుల మీదే పడిందనుకున్నా, 12 మోల్స్ ఇవ్వడానికి చదరపు మీటరుకు నెలకు 40 యూనిట్ల కరెంటు కావాలి.

ఈ లెక్కను ఎండతో పోల్చితే అసలు విషయం బోధపడుతుంది. భారతదేశంలో చాలా ప్రాంతాల్లో చదరపు మీటరు నేల మీద రోజుకు 4 నుంచి 7 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. 5 యూనిట్లు అనుకున్నా 35 మోల్స్‌కు తక్కువ కాదు. దాన్ని దీపంతో ఇవ్వాలంటే నెలకు 115 యూనిట్లు ఖర్చవుతాయి. నెదర్లాండ్స్ గ్రీన్‌హౌస్‌ల్లో చలికాలమంతా దీపాలు వెలిగిస్తారు కదా అని కొందరు అంటారు. అక్కడ శీతాకాలపు ఎండ చాలదు, సోడియం దీపం వేడి కూడా పనికొస్తుంది. మన పాలీహౌస్‌లో ఎండాకాలం వస్తే వేడికి తాళలేక పైన షేడ్‌నెట్ కప్పాల్సి వస్తుంది. అక్కడ మొక్క కడుపు నింపడానికి దీపాలు పెట్టడం చాలా సందర్భాల్లో దండగే. దుమ్ము పట్టిన పాలిథీన్ షీటును కడిగితే వచ్చే వెలుగు అంతకన్నా చవక. టిష్యూ కల్చర్ గదులు, మైక్రోగ్రీన్స్ అరలు, రోజుకు 22 గంటల వెలుగుతో ఏడాదిలో గోధుమ, శనగ వంటి పంటల తరాలను అనేకం గడిపించే స్పీడ్ బ్రీడింగ్ కేంద్రాలు వేరే సంగతి. ఎండ చేరని ఆ చోట్ల దీపానికి పెట్టే ఖర్చుకు అర్థం ఉంది.

దీపం తప్పనిసరైన చోట దానికన్నా ముందు చూడాల్సింది గోడలు. సోడియం దీపం అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది కాబట్టి పైన రిఫ్లెక్టర్ లేకపోతే సగం వెలుగు వృథా. ఎల్‌ఈడీ ఒకవైపే వెలుగునిస్తుంది కాబట్టి దానికి పైన గొడుగు కంటే పక్కల అడ్డు ముఖ్యం. మెరిసేదంతా మేలు కాదు. అద్దంలో వెలుగు గాజును దాటి వెళ్లి మళ్లీ దాటి రావాలి, ఆ దారిలో కొంత పోతుంది. ముడతలు పడిన వంటింటి ఫాయిల్ ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ వెలుగు పంచుతుంది. మెరుపు లేని తెల్లరంగు, చివరికి శుభ్రంగా వేసిన సున్నం కూడా వెలుగులో ఎక్కువ భాగాన్ని అన్ని వైపులా సమంగా తిప్పి పంపుతుంది. మిరప, పుచ్చ తోటల్లో పరిచే వెండిరంగు మల్చింగ్ షీటు చేసేదీ ఇలాంటి పనే. అది వెలుగును ఆకుల అడుగుకు పంపుతుంది, పేనుబంకనూ కొంత దూరం పెడుతుంది.

కొనుగోలుదారుకు మరో చిక్కు, పెట్టె మీది అంకెలు. 1000 వాట్లని పెద్ద అక్షరాల్లో రాసిన దీపం నిజానికి 100 వాట్లే తీసుకోవచ్చు. పరీక్ష ఇంట్లోనే ఉంది. మీటరు మీద 3200 అని ఉంటే, దాని ఎర్ర దీపం 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్ అన్నమాట. మిగతావన్నీ ఆపి ఈ దీపం ఒక్కటే వెలిగిస్తే, 100 వాట్లకు పావుగంటలో 80 మినుకులు పడతాయి. 1000 వాట్లయితే 800 పడాలి.

అయితే ప్రతి రైతూ, ప్రతి ఇల్లాలూ మీటరు ముందు కూర్చుని లెక్కపెట్టాల్సిన అవసరం రాకూడదు. మొక్కల దీపంగా అమ్మే ప్రతి పెట్టె మీదా మూడు అంకెలు తప్పనిసరి చేయాలి: అది నిజంగా తీసుకునే వాట్లు, సెకనుకు ఇచ్చే మైక్రోమోల్స్, జౌల్‌కు ఇచ్చే మైక్రోమోల్స్. ఎరువు బస్తా మీద నత్రజని శాతం రాయకుండా అమ్మితే ఏ రైతూ ఊరుకోడు. వెలుగు కూడా మొక్కకు తిండే. దాని సంచి మీదా సరైన కొలత ఉండాలి.