రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మన చేతికి ఇవ్వాల్సిందే!

రౌటర్ కొనేటప్పుడు మనం చూసేవి ఏంటి? యాంటెన్నాలు ఎన్ని, వైఫై 6 ఉందా, స్పీడ్ ఎంత. దాని డీహెచ్‌సీపీ పేజీ ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. కానీ నెల్లూరు తీరంలో రొయ్యల గుంట దగ్గర కెమెరాలు పెట్టుకున్న రైతుకి ఆరు యాంటెన్నాల కన్నా ఆ ఒక్క పేజీనే ఎక్కువ పనికొస్తుంది.

కరెంటు వచ్చింది, కెమెరా రాలేదు

మైపాడు, ఇసకపల్లి వైపు రొయ్యల గుంటల్లో రాత్రిపూట ఏరేటర్లు తిరగాల్సిందే. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ టైమ్‌లో ఏరేటర్ ఆగితే కొన్ని గంటల్లోనే పంట పోవచ్చు. అందుకే షెడ్డులో ఒక రౌటర్, ఒక రికార్డర్, గట్టు మీద వైఫై కెమెరాలు పెడతారు.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చిందనుకోండి. రౌటర్ ఆన్ అవుతుంది, కెమెరాలు ఒక్కొక్కటిగా దాన్ని అడుగుతాయి: "నాకో అడ్రస్ కావాలి". రౌటర్ "ఇది ఖాళీగా ఉంది" అంటుంది. కెమెరా "సరే, అదే ఇవ్వు" అంటుంది. "ఇక నీదే" అని రౌటర్ ఖాయం చేస్తుంది. డీహెచ్‌సీపీ అంటే ఈ నాలుగు మాటలే. ఇచ్చింది కూడా శాశ్వతం కాదు, అద్దెకే. గడువు సగం అవ్వగానే డివైస్ మళ్లీ పొడిగించమని అడుగుతుంది.

చిక్కు ఎక్కడంటే, చవక రౌటర్లు చాలావరకు ఆఫ్ అవ్వగానే ఈ అద్దె లెక్కలు మర్చిపోతాయి. నిన్న 192.168.1.5 మీద ఉన్న కెమెరా ఇవాళ 192.168.1.8 మీద తేలుతుంది. రికార్డర్ మాత్రం పాత నంబర్ దగ్గరే వెతుకుతుంది. స్క్రీన్ మీద నల్లటి గడి! కెమెరా పాడైందని ఇంకోటి కొనేవాళ్లూ ఉంటారు.

రెండు నిమిషాల పని

దీనికి మందు అడ్రస్ రిజర్వేషన్. రౌటర్ పేజీలో కెమెరా మ్యాక్ అడ్రస్‌ని సెలెక్ట్ చేసి "ఈ ఐపీ దీనికే" అని కట్టేయాలి. కెమెరాలోనే స్టాటిక్ ఐపీ పెట్టొచ్చు కదా అంటారా? పెట్టొచ్చు. కానీ రౌటర్ పంచే రేంజ్‌లోని నంబరే పెడితే, అదే నంబర్ రేపు ఎవరి ఫోన్‌కో వెళ్లి రెండూ కొట్టుకుంటాయి. రిజర్వేషన్‌లో ఆ గొడవ లేదు, లెక్కంతా ఒక్కచోటే ఉంటుంది.

ఫోన్లకి రిజర్వేషన్ చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. కాబట్టి బాక్స్ మీద ఉన్నది కాదు, రౌటర్ లిస్టులో కనిపించేదే తీసుకోవాలి.

అసలు అడ్డం ఇక్కడే

ఏపీ ఫైబర్‌నెట్ కానీ, ప్రైవేటు కనెక్షన్ కానీ, మన పల్లెల్లోకి ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా, లోకల్ కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగానే వచ్చింది. వాళ్ల కష్టం తక్కువేం కాదు. కానీ బాక్స్ బిగించి అడ్మిన్ పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకునే ఆపరేటర్లు ఉన్నారు. అడిగితే "మీరు కెలికేస్తారు, మళ్లీ మాకే ఫోన్ చేస్తారు" అంటారు. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. అయితే లైన్ సెట్టింగ్స్‌కి తాళం వేసి, డీహెచ్‌సీపీ, వైఫై పేజీల వరకు కస్టమర్‌కి వేరే లాగిన్ ఇవ్వొచ్చు. ఆ సదుపాయం చాలా బాక్సుల్లో ఉంది.

పాస్‌వర్డ్ దొరక్క జనం ఏం చేస్తున్నారు? ఆ బాక్స్ వెనక ఇంకో రౌటర్ తగిలిస్తున్నారు. రెండు రౌటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచుతుంటే రెండు మేస్త్రీల ఇల్లు లాగా ఉంటుంది. కెమెరా ఒకదాని కింద, రికార్డర్ ఇంకోదాని కింద పడి ఒకదానికొకటి కనపడవు.

ఇంకో మాట కూడా ఆపరేటర్ ముందే చెప్పాలి. ఐపీవీ4లో ఉన్నవే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలినవి 2011 ఫిబ్రవరి 3తోనే అయిపోయాయి. అందుకే చాలామంది కస్టమర్లని ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడుతున్నారు. మీ రౌటర్ వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ అందులో ఉన్నట్టే. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి నుంచి కెమెరా తెరుచుకోదు. క్లౌడ్ యాప్, వీపీఎన్ లేదా ఐపీవీ6 చూసుకోవాల్సిందే.

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఎంబీపీఎస్ కన్నా ముందు రెండు ప్రశ్నలు అడగండి: "అడ్మిన్ లాగిన్ ఇస్తారా? పబ్లిక్ ఐపీ ఇస్తారా?" ఆ లాగిన్ వచ్చాక, మీ ఊళ్లో గుంట దగ్గర కెమెరాలు పెట్టుకున్న వాళ్లకి ఆ రెండు నిమిషాల పని మీరే చేసిపెట్టండి.