మందుల చదువులో మన తెలుగుకు చోటేది?

పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఉద్యమం ప్రధానంగా ప్రాథమిక పాఠశాల చుట్టూ నడుస్తున్నది. హోసూరులో తెలుగు పంతులు కావాలని, బళ్ళారిలో తెలుగు బడి మూతపడరాదని, గజపతి, రాయగడ జిల్లాలలో తెలుగు పుస్తకాలు సకాలంలో అందాలని అర్జీలు పెడుతున్నాం. ఆ పోరాటం న్యాయమైనది. అయితే ఆ బడి దాటిన బిడ్డ పైచదువులో ఏ భాషలో ఆలోచిస్తున్నాడు, అసలు ఆలోచించగలుగుతున్నాడా అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. ఆ ప్రశ్నను ఒక్క చదువుకు పరిమితం చేసి పరిశీలిద్దాం. అది ఫార్మసీ చదువు; అందులోనూ మందును కూర్చి తయారుచేసే విద్య.

ఈ చదువునే ఎంచుకోవడానికి కారణముంది. రెండేళ్ళ డిప్లొమా గానీ, నాలుగేళ్ళ బి.ఫార్మసీ గానీ వైద్యవిద్య స్థోమత లేని మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో ఉన్న వృత్తివిద్య. చదువు ముగిస్తే సొంత ఊరిలో మందుల దుకాణం పెట్టుకోవచ్చు. హైదరాబాదు, విశాఖపట్నం, బెంగళూరు పరిసరాలలోని ఔషధ పరిశ్రమలలో ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇంతమంది బిడ్డల భవిష్యత్తు ముడిపడిన ఈ విద్యలో ప్రధాన పాఠం వారికి అర్థమవుతున్నదా?

ఆ పాఠం స్వరూపం ముందుగా తెలుసుకోవాలి. మాత్రలో మందు ఒక్కటే ఉండదు. మందు పాలు కొద్ది మిల్లీగ్రాములే అయితే చేతికి చిక్కే పరిమాణం కోసం లాక్టోజు వంటి పదార్థాన్ని కలుపుతారు. పొడి రేణువులు ఒకదానికొకటి అంటుకోవడానికి బైండరు వేస్తారు. కడుపులోకి వెళ్ళాక మాత్ర విడిపోవడానికి మరొక పదార్థం, అచ్చుకు అంటుకోకుండా జారడానికి మెగ్నీషియం స్టియరేటు వంటి కందెన పదార్థం చేరుస్తారు. వీటిని కలిపి, తడిపి, జల్లెడ పట్టి, ఆరబెట్టి, యంత్రంలో అదిమి మాత్రగా తీస్తారు. తరువాత బరువు, గట్టితనం, విడిపోయే సమయం, కరిగే తీరు పరీక్షిస్తారు. పూత లేని సాధారణ మాత్ర 37 డిగ్రీల సెల్సియస్ వేడిగల నీటిలో 15 నిమిషాలలోపు విడిపోవాలని మన ఔషధ ప్రమాణ గ్రంథం నియమం.

ఈ పనులలో మన ఇంటికి పరాయిది ఎంత? ప్రయోగశాలలో ‘స్టార్చ్ పేస్టు’ అని పిలిచే బైండరు మన గంజి. తడిపిన పొడి సరియైన పదునుకు వచ్చిందా అని చూడటానికి పిడికిట పట్టి నొక్కుతారు. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విరగాలి. చేతికి జిగటగా అంటుకోరాదు. సున్నుండ చుట్టే తల్లి చేతికి ఈ పదును తెలుసు. కందెన ఎక్కువైతే మాత్ర త్వరగా కరగదని పాఠం చెబుతుంది. నూనె పట్టించిన కందిపప్పు నీటిని తొందరగా పీల్చుకోదని మన పిల్లలకు బడికి పోకముందే తెలుసు. మాత్ర విడిపోవడం వేరు, మందు కరగడం వేరు. ఆంగ్లంలో ‘డిసింటిగ్రేషన్’, ‘డిసొల్యూషన్’ అని రెండు నిర్వచనాలు కంఠస్థం చేసిన విద్యార్థి మౌఖిక పరీక్షలో వాటిని తారుమారు చేయవచ్చు. నీటిలో ఇసుక ముద్ద విడిపోతుంది గాని కరగదు, పటికబెల్లం కరుగుతుంది అని ఒక్కమారు తెలుగులో విన్నవాడు ఆ తేడాను మరువడు.

ఆధునిక యంత్రాలు రాకముందే మందు కూర్పు మన భాషలో ఉన్నది. చూర్ణం, కషాయం, లేహ్యం, గుటిక, తైలం, ఆసవం అనే పేర్లు మందు రూపాల వర్గీకరణే. కల్వంలో నూరడం, వస్త్రగాళితం పట్టడం, భావన చేయడం తయారీ ప్రక్రియలే. ఏ మందును దేనితో పుచ్చుకోవాలో చెప్పే ‘అనుపానం’ అనే మాట ఇప్పటికీ మన పెద్దల నోట వినబడుతుంది. పాత వైద్యమంతా సరియైనదని వాదించడానికి ఇది చెప్పడం లేదు. మందు తయారీని వర్ణించే శక్తి తెలుగుకు లేదనే అపోహ నిరాధారమని చెప్పడానికే.

ఈ విద్య అర్థం కాకపోతే నష్టం మార్కులతో ఆగదు. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ గుళికలలో, మందు పాలు మార్చకుండానే, కలుపుడు పదార్థంగా ఉన్న కాల్షియం సల్ఫేటు స్థానంలో లాక్టోజు వాడారు. మందు శరీరంలోకి మునుపటికన్న ఎక్కువగా చేరి రోగులు విషప్రభావానికి లోనయ్యారు. ‘ఏ ప్రభావమూ లేని పదార్థం’ అని పుస్తకం చెప్పినదే ప్రాణం మీదకు తెచ్చింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడును ద్రవంగా మార్చడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం వాడినందున నూరుమందికి పైగా మరణించారు. ఆ తరువాత ఎనభై ఏళ్ళు దాటినా ఆ విషం మనను విడువలేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసివారు చనిపోయారు. ఆ మందు తయారైనది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో. తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ పరీక్షలో అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది.

ఈ మరణాలకు భాష కారణమని చెప్పడం అన్యాయమవుతుంది. కారణాలు లాభాపేక్ష, పరీక్షల ఎగవేత, పర్యవేక్షణ లోపం. అయితే కర్మాగారంలో ద్రావకపు డ్రమ్ము మూత తీసే చోట నిలబడేది ఒక సామాన్య పట్టభద్రుడు. ‘ఈ సరుకును పరీక్షించకుండా వాడరాదు’ అని అతడు నిలబడి చెప్పాలంటే ఆ నియమాన్ని వల్లించి ఉంటే చాలదు. అది ఎందుకు పుట్టిందో తెలిసి ఉండాలి. కారణం తెలియనివాడు యజమాని తొందర ముందు తలవంచుతాడు. కారణం తెలిసినవాడికి ఎదురు చెప్పడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

దుకాణంలోని ఫార్మసిస్టుకూ ఇదే వర్తిస్తుంది. మందు వాడే విధానాన్ని రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతలలో ఒకటని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెబుతున్నాయి. నెమ్మదిగా మందు విడుదల చేసే మాత్రను నలిపి మింగితే రోజంతటి మోతాదు ఒక్కసారిగా ఒంటిలో చేరవచ్చు. పేగులో కరగవలసిన పూత మాత్రను పొడిచేస్తే ఆ పూత ప్రయోజనమే పోతుంది. సీసా అడుగున పేరుకున్న మందును కదిలించకుండా పోస్తే మొదటి చెంచాలో మోతాదు తక్కువ, చివరి చెంచాలో ఎక్కువ. ఇవన్నీ తయారీ పాఠంలోనివే. సిరొంచలోనో, పర్లాకిమిడిలోనో ఒక వృద్ధురాలికి వీటిని చెప్పవలసిన భాష ఏది? తాను తెలుగులో ఎన్నడూ వినని విషయాన్ని ఫార్మసిస్టు ఆమెకు తెలుగులో ఎలా చెప్పగలడు?

ఇక చట్టం సంగతి. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం మాతృభాషా బోధన గురించి చెప్పినా దాని పరిధి ప్రాథమిక దశ. బి.ఫార్మసీ పాఠ్యక్రమ నిబంధనలు బోధన, పరీక్ష మాధ్యమం ఆంగ్లమని స్పష్టంగా చెప్పాయి. కాబట్టి ఫార్మసీ కళాశాలలో తెలుగు మాధ్యమం మా హక్కు అని న్యాయస్థానానికి వెళితే నిలిచే వాదం కాదు. న్యాయవాదిగా నేను ఈ మాటను దాచను. కాని మన చేతిలో మరో బలమైన అధికరణం ఉంది. 30(1) అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కును ఇచ్చింది. అల్పసంఖ్యాకులెవరో తేల్చడానికి రాష్ట్రమే ప్రమాణమని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ ప్రమాణం ప్రకారమే తమిళనాడు, కర్ణాటకలలో తెలుగు భాషా అల్పసంఖ్యాక హోదాతో వృత్తివిద్యా కళాశాలలు నడుస్తున్నాయి.

నా ప్రశ్న ప్రభుత్వాలకు కాదు, ఈ మన సంస్థలకే. ప్రవేశాల వేళ, సీట్ల పంపకం వేళ వినిపించే తెలుగు హోదా తరగతి గదిలో, ప్రయోగశాలలో ఎక్కడ వినిపించాలి? భాష పేరిట లభించిన హక్కు ఆ భాషకు ఏమి తిరిగి ఇస్తున్నదో లెక్క చెప్పవలసిన నైతిక బాధ్యత లేదా? 29(1) అధికరణం భాషను కాపాడుకునే హక్కు అన్నది. గేటు మీది ఫలకంతోనే భాష నిలుస్తుందని దానికి అర్థం కాదు.

ఆక్షేపణలు వస్తాయి. ప్రమాణ గ్రంథాలు, కర్మాగారపు రికార్డులు, విదేశీ తనిఖీలు అన్నీ ఆంగ్లంలో ఉండగా తెలుగు చెబితే పిల్లలు నష్టపోరా? పోరు. పరీక్షను ఆంగ్లంలోనే రాయనీయండి. మనం కోరేది ఆంగ్లాన్ని తొలగించడం కాదు, అర్థాన్ని చేర్చడం. తరగతిలో కన్నడిగులు, తమిళులు ఉంటారు కదా? ఉంటారు. అందుకే ప్రధాన తరగతిని మార్చమనడం లేదు. వారానికి ఒక గంట అదనపు బోధన తెలుగు పిల్లలకు తెలుగులో, అడిగితే మిగిలినవారికి వారి భాషలో జరగవచ్చు. రాష్ట్ర భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసిందే. కౌంటరు ముందుకు వచ్చే రోగి ఏ భాష మాట్లాడుతాడో ముందుగా తెలియదు.

మనలోని భాషాభిమానులకూ ఒక మాట. ప్రతి పదానికీ నోరు తిరగని సంస్కృత సమాసం కల్పిస్తే విద్యార్థి రెండు పరాయి భాషల మధ్య నలిగిపోతాడు. టాబ్లెట్టు, క్యాప్సూలు, సిరప్పు తెలుగు నోటిలో కుదురుకున్న మాటలు, వాటిని ఉండనివ్వాలి. గంజి, జల్లెడ, కందెన, పదును, పూత ఉన్న చోట వాటిని వాడాలి. జనం నోటి భాష చదువులోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులు పోరు ప్రారంభించినది నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనే. ఆ వారసత్వం మనది.

ఇది సాధ్యమా అన్నవారికి చరిత్ర సమాధానమిస్తుంది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యశాస్త్రాన్ని ఉర్దూలో బోధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి శాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించింది. 2021లో ఇంజనీరింగు విద్యను తెలుగుతో సహా భారతీయ భాషలలో బోధించడానికి సాంకేతిక విద్యామండలి అనుమతించింది. మధ్యప్రదేశ్ 2022లో వైద్యవిద్యకు హిందీ పుస్తకాలు తెచ్చింది. మనం అడుగుతున్నది వీటన్నిటికంటె చిన్నది.

కనుక తెలుగు హోదాగల ప్రతి ఫార్మసీ కళాశాలను మన సంఘాలు మూడు పనులు కోరాలి. మందుల తయారీ ప్రయోగాలకు ఆంగ్లం పక్కన తెలుగు వివరణతో కూడిన ప్రయోగ పుస్తకం. మొదటి రెండు సంవత్సరాలు వారానికి ఒక గంట తెలుగు బోధన. చివరి ఏడాదిలో రోగికి తెలుగులో, రాష్ట్ర భాషలో మందు వాడకం వివరించే అభ్యాసం. వీటిలో ఏదీ నిబంధనలకు విరుద్ధం కాదు. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, యాజమాన్యపు తీర్మానం చాలు.

తల్లిదండ్రులూ ఈ ఏడాది ప్రవేశాల వేళ రుసుము ఎంత, వసతిగృహం ఎలా ఉంది అని అడిగిన తరువాత ఇంకొక్క ప్రశ్న అడగాలి: ‘మా పిల్లకు పాఠం అర్థం కాకపోతే తెలుగులో చెప్పేవారు మీ దగ్గర ఎవరున్నారు?’ పదిమంది అడిగితే యాజమాన్యం వింటుంది. వందమంది అడిగితే ఏర్పాటు చేస్తుంది.